కింది స్కిన్ విప్పేసిన డ్రమ్మర్ – మిల్ఫర్డ్ గ్రేవ్స్ జ్ఞాపకాలు

డ్రమ్ సెట్‌లో టామ్‌కి (గిన్నెలా ఉండే, తీగల గరగర లేని డ్రమ్‌కి) రెండు స్కిన్‌లు, అంటే వాయించే పొరలు, ఉంటాయి. పైది దెబ్బ తినేది, కిందది దానికి బదులు పలికేది. రెండింటి శ్రుతీ కుదిరితే టామ్ గుండ్రంగా, నిండుగా, కాస్త సాగుతూ మోగుతుంది. 1960ల్లో న్యూయార్క్‌లో జాజ్ వాయించే వాళ్ళందరూ ఆ నిండుతనం కోసమే గంటల తరబడి డ్రమ్ కీ తిప్పుకుంటూ కూర్చునేవాళ్ళు. మిల్ఫర్డ్ గ్రేవ్స్ మాత్రం ఆ కింది స్కిన్‌ని విప్పి పక్కన పడేశారు. అంతటితో ఆగలేదు, జాజ్ డ్రమ్మింగ్‌కి ఆయువుపట్టు లాంటి స్నేర్ డ్రమ్‌ని కూడా సెట్‌లోంచి తీసేశారు. ఫిబ్రవరి వచ్చిందంటే ఆయన గుర్తొస్తారు. 2021 ఫిబ్రవరి 12న, 79 ఏళ్ళ వయసులో, తాను పుట్టి పెరిగిన న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, సౌత్ జమైకా పేటలోనే కన్నుమూశారు.

ముందే కట్టిన తాళానికీ స్వరక్రమానికీ లొంగని జాజ్‌ని ఫ్రీ జాజ్ అంటారు. ఆ డ్రమ్మర్లంటే సన్నీ ముర్రే, రషీద్ అలీ, ఆండ్రూ సిరిల్ పేర్లు కూడా వస్తాయి. అందరూ మహానుభావులే. కానీ ఇతరులు జాజ్ డ్రమ్మింగ్ లోపలి నుంచి తాళాన్ని విడదీసుకుంటూ వచ్చారు. గ్రేవ్స్ దారి వేరు, ఆయన బయటి నుంచి వచ్చారు. చిన్నప్పుడు చేతికి దొరికింది లాటిన్ సంగీతపు డ్రమ్ కాంగా. ఆ తర్వాత అదే కోవకి చెందిన టింబాలే. కుర్రతనంలో లాటిన్ బ్యాండ్‌లు నడిపారు, ఆయన లాటిన్ క్వింటెట్‌లో పియానో వాయించింది చిక్ కొరియా. 1960ల మొదట్లో శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ పక్కన డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ వాయింపు విన్నాకే డ్రమ్ సెట్ వైపు గట్టిగా మళ్ళారు.

ఇక్కడ ఒక విషయం చాలామంది పట్టించుకోరు. కాంగాకి అడుగు ఉండదు. టింబాలేకీ ఉండదు. రెండూ ఒకే స్కిన్‌తో, కింద తెరిచి ఉండే వాయిద్యాలు. స్నేర్‌కి అడుగున ఉండే తీగల గరగర కూడా వాటిలో లేదు. కాబట్టి గ్రేవ్స్ కింది స్కిన్ విప్పడం తిరుగుబాటు కోసం చేసింది కాదు. చెయ్యి ఏ స్కిన్‌ని తాకిందో ఆ స్కిన్ ఒక్కటే మాట్లాడాలన్నది ఆయనకి చిన్ననాటి నుంచీ అలవాటైన సంగతి.

దాని వల్ల ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పుకుందాం. కింది స్కిన్ ఉన్నప్పుడు రెండింటి మధ్య గాలి బందీగా ఉంటుంది. పై స్కిన్‌ని మోచేత్తో గానీ అరచేత్తో గానీ నొక్కి స్వరం వంచాలని చూస్తే కిందది తన శ్రుతిలో తాను మోగుతూనే ఉంటుంది, వంపు స్పష్టంగా వినిపించదు. కిందది తీసేస్తే నాదం కురచబడుతుంది, దెబ్బ మొన తేలుతుంది, నొక్కినప్పుడల్లా స్వరం ఇట్టే పైకి పాకుతుంది. తబలాలో బాయా (ఎడమ చేతి డ్రమ్) మీద మణికట్టు జరిపి చేసే గమకం తెలిసిన వాళ్ళకి గ్రేవ్స్ టామ్‌లు వినగానే ప్రాణం లేచొస్తుంది. అది కాకతాళీయం కూడా కాదు. 1960ల మధ్యలో ఆయన వసంత సింగ్ అనే గురువు దగ్గర తబలా నేర్చుకున్నారు. 1964లో శాక్సఫోన్ వాద్యకారుడు జ్యూసెపీ లోగన్ క్వార్టెట్ ఈఎస్‌పీ అనే కంపెనీకి చేసిన రికార్డులో 'తబలా సూట్' అని ఒక ముక్క ఉంది, అందులో తబలా ఆయనదే.

ఇంట్లో సెట్ ఉన్నవాళ్ళు ఇది చేసి చూడాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. టామ్‌ని బోర్లించి రాడ్‌లని (స్కిన్‌ని బిగించే మరలని) ఒక పక్క నుంచి వరసగా విప్పకండి. ఎదురెదురు రాడ్‌లు, అర చుట్టు చొప్పున, వదులు చేసుకుంటూ రండి. ఒక వైపే వదిలేస్తే రెండో వైపు బరువంతా రెండు మూడు రాడ్‌ల మీద పడి రిమ్ (స్కిన్‌ని అదిమి పట్టే లోహపు వలయం) వంకర పోతుంది. రిమ్, స్కిన్ తీశాక రాడ్‌లు దూరే బుడిపెలు, అంటే లగ్‌లు, ఖాళీగా మిగులుతాయి. అసలు తలనొప్పి అక్కడే. పాత సెట్‌లలో లగ్ లోపల చిన్న స్ప్రింగ్ ఉంటుంది. రాడ్ బిగింపు లేకపోయేసరికి ఆ స్ప్రింగ్ వదులై ప్రతి దెబ్బకీ జిర్రుమంటుంది. "కింది స్కిన్ తీస్తే డ్రమ్ పాడైపోయింది" అనేవాళ్ళలో సగం మంది విన్నది ఆ జిర్రునే. లగ్ విప్పి స్ప్రింగ్ చుట్టూ కాస్త దూది గానీ ఫెల్ట్ ముక్క గానీ దోపితే పోతుంది. చెక్క అంచు మాత్రం ఇప్పుడు బయటపడి ఉంటుంది, దాన్ని నేల మీద నేరుగా పెట్టకండి. ఆ అంచు చెక్కుకుపోతే మళ్ళీ కింది స్కిన్ బిగించినప్పుడు సమంగా కూర్చోదు.

ఆ తర్వాత పై స్కిన్ శ్రుతి. అన్ని రాడ్‌లూ వేళ్ళతో తిరిగినంత వరకు తిప్పి, అక్కడి నుంచి ఎదురెదురుగా పావు చుట్టు చొప్పున బిగించాలి. ప్రతి రాడ్ ఎదురుగా, అంచుకి ఒక అంగుళం లోపల తట్టి వినాలి. అన్ని చోట్లా ఒకే స్వరం రావాలి. స్వరం వంచడానికి ఎక్కువ బిగింపు పనికిరాదు, గట్టిగా ఉన్న స్కిన్ చేతికి లొంగదు. మరీ వదులైతే నొక్కిన చోట చచ్చిపోయి బొద్దుమంటుంది. ముడతలు పోయాక ఇంకో అర చుట్టు, ఆ దరిదాపుల్లోనే మంచి చోటు దొరుకుతుంది.

గ్రేవ్స్ పట్టుదలగా చెప్పిన ఇంకో విషయం, స్కిన్ అంతా ఒకే స్వరం కాదని. నడిమధ్య కొడితే మందంగా, పొట్టిగా వస్తుంది. అంచుకి వెళ్తున్న కొద్దీ పై స్వరాలు మేలుకుంటాయి. మామూలు డ్రమ్ స్కిన్‌లో ఆ పై స్వరాలు అసలు స్వరానికి సరైన గుణిజాలుగా ఉండవు, సుమారు 1.59, 2.14, 2.30 రెట్లలో వస్తాయి. అందుకే మన చెవికి అది స్పష్టమైన స్వరంగా కాక 'ధడ్' అన్న శబ్దంగా తోస్తుంది. మృదంగం, తబలా మీద నల్లటి పూత వేసేది ఆ అంకెల్ని సరిచెయ్యడానికే. ఆ సంగతి శాస్త్రీయంగా తేల్చిన వాళ్ళలో మొదటివారు, విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్. 1920లో దాని మీద పరిశోధన వ్యాసం ప్రచురించారు. గ్రేవ్స్ పూత వెయ్యలేదు. ఆ కలవని స్వరాలనే ఒక్కో చోట ఒక్కోటి ఏరుకుని, కర్ర మొనతో ఒకటి, మెత్తటి తల ఉన్న మాలెట్‌తో ఒకటి, చేత్తో ఒకటి పలికించారు. నాలుగైదు టామ్‌లున్న సెట్ ఆయన చేతిలో ఇరవై డ్రమ్ముల్లా వినిపించడానికి కారణం అది.

1964 ఆయనకి పెద్ద సంవత్సరం. లోగన్ వెంట ఒక రిహార్సల్‌కి వెళ్ళారు. అక్కడున్నది ట్రాంబోన్ వాద్యకారుడు రాజ్వెల్ రడ్, ఆల్టో శాక్సఫోన్ వాయించే జాన్ చికాయ్. ఆ రోజు ఆయన వాయింపు విన్నాక వాళ్ళకి ఇంకో డ్రమ్మర్ అక్కర్లేకపోయింది. అలా పుట్టింది న్యూయార్క్ ఆర్ట్ క్వార్టెట్. ఆ అక్టోబర్ మొదటి నాలుగు రోజులూ మాన్‌హాటన్ పశ్చిమాన సెల్లార్ కేఫేలో ట్రంపెట్ వాద్యకారుడు బిల్ డిక్సన్ 'అక్టోబర్ రివల్యూషన్ ఇన్ జాజ్' పేరుతో కచేరీలు నడిపారు. పెద్ద క్లబ్బులు గడప తొక్కనివ్వని కళాకారులంతా అక్కడ చేరారు. నవంబర్‌లో క్వార్టెట్ మొదటి రికార్డు చేశారు, బేస్ మీద లూయిస్ వొరెల్. అందులో ఒక ముక్కలో కవి అమీరీ బరాకా తన కవిత చదువుతారు (అప్పటికి ఆయన పేరు లీరాయ్ జోన్స్). కవిత కింద గ్రేవ్స్ ఏం చేస్తున్నారో ప్రత్యేకంగా వినండి. మాటకి తాళం వెయ్యరు. మాట ఆగిన చోటు నింపరు. మాట ఊపిరి తీసుకున్నప్పుడు తానూ ఊపిరి తీసుకుంటారు.

మరుసటి ఏడాది సన్నీ మోర్గన్‌తో కలిసి 'పర్కషన్ ఎన్‌సెంబుల్' చేశారు. ఇద్దరే మనుషులు, అన్నీ తాళవాద్యాలే, ముక్కల పేర్లన్నీ 'నథింగ్' అని, పక్కన అంకెలు. నా దృష్టిలో ఆయన పద్ధతి అర్థం కావాలంటే దీన్ని మించిన రికార్డు లేదు. అడ్డొచ్చే శాక్సఫోన్ లేదు, ప్రతి దెబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో వినిపిస్తుంది.

1966 ఏప్రిల్‌లో యేల్ యూనివర్సిటీలో పియానిస్ట్ డాన్ పుల్లెన్‌తో జోడీ కచేరీ జరిగింది. ఆ టేపుల్ని కంపెనీలకి అమ్మలేదు. ఇద్దరూ కలిసి ఎస్‌ఆర్‌పీ అని సొంత లేబుల్ పెట్టుకుని రెండు రికార్డులుగా తెచ్చారు. తొలి కాపీల్లో కొన్నిటి అట్టల మీద చేత్తో రంగులు వేశారు. పని మనది, సరుకు మనది, అమ్మకం కూడా మనదే కావాలన్నది ఆ రోజుల్లో నల్లజాతి కళాకారుల్లో బలంగా ఉన్న ఆలోచన. గ్రేవ్స్ దాన్ని ఆచరణలో పెట్టారు.

1967 జులై 17న జాన్ కోల్ట్రేన్ పోయారు. 21న మాన్‌హాటన్‌లోని సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరిగింది. అక్కడ వాయించింది శాక్సఫోన్ మీద ఆల్బర్ట్ ఐలర్, ట్రంపెట్ మీద ఆయన తమ్ముడు డొనాల్డ్, బేస్ మీద రిచర్డ్ డేవిస్, డ్రమ్స్ మీద మిల్ఫర్డ్ గ్రేవ్స్. ఆ రికార్డింగ్ దొరుకుతుంది. నాణ్యత బొత్తిగా బాగోదు, చర్చి గోడల ప్రతిధ్వనిలో డ్రమ్స్ ఉరుములా కలిసిపోయి వినిపిస్తాయి. అయినా సరే ఓపిగ్గా వినాల్సింది. అదే ఏడాది మొదలై మరుసటి ఏడాది ముగిసిన ఐలర్ 'లవ్ క్రై' రికార్డులోనూ డ్రమ్మర్ గ్రేవ్సే. పాట చిన్నపిల్లల కూనిరాగంలా సాదాగా ఉంటుంది. దాని కింద డ్రమ్స్ సుడులు తిరుగుతూ ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి చెరుపుకోవు, అదే ఆశ్చర్యం.

ఇక గుండె సంగతి. ఆయన జీవితంలో దీన్ని ఒక సరదాగానో పిచ్చిగానో రాసేవాళ్ళుంటారు, నాకు బాధేస్తుంది. ఆయన వాయింపుకి మూలసూత్రం అక్కడుంది. బతుకుతెరువు కోసం వెటర్నరీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పని చేసిన మనిషి, రక్తపరీక్షలు, మైక్రోస్కోప్ ఆయనకి కొత్త కాదు. 1970ల్లో ఆయనకి వైద్య విద్యార్థుల కోసం తయారుచేసిన గుండె చప్పుళ్ళ ఎల్పీ ఒకటి దొరికింది. మామూలు గుండెలు, జబ్బు గుండెలు, ఒకదాని తర్వాత ఒకటి. అందులో ఆయనకి ఆఫ్రికా, కరీబియన్ డ్రమ్ముల నడకలు వినిపించాయి. అక్కడి నుంచి తన గుండె, స్నేహితుల గుండెలు, శిష్యుల గుండెలు రికార్డు చెయ్యడం మొదలుపెట్టి, ఆ పని చివరి వరకూ ఆపలేదు.

గుండె 'లబ్' అన్నప్పుడు పై గదులకీ కింది గదులకీ మధ్యనున్న కవాటాలు మూసుకుంటాయి. 'డబ్' అన్నప్పుడు బయటికి వెళ్ళే ధమనుల కవాటాలు మూసుకుంటాయి. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక చక్రం 0.8 సెకన్లు. లబ్ నుంచి డబ్‌కి సుమారు 0.3 సెకన్లు, డబ్ నుంచి మళ్ళీ లబ్‌కి 0.5. అంటే సగం సగం కాదు, రెండు, మూడుగా విడిపోయే మన ఖండ చాపుకి దగ్గరగా ఉన్న నడక. గుండె వేగం పెరిగితే రెండు భాగాలూ ఒకే పాళ్ళలో తగ్గవు. రెండో భాగమే ఎక్కువగా కుంచించుకుపోతుంది. పరుగెత్తేవాడి గుండె సమానంగా కొట్టుకుంటున్నట్టు తోచేది అందుకే. దీనికి తోడు ఊపిరి లోపలికి పీల్చినప్పుడు గుండె కాస్త వేగమవుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వయసు గుండెలో ఈ తేడా బాగా తెలుస్తుంది. మెట్రోనోమ్‌లా గీటు గీసినట్టు కొట్టుకోవడం ఆరోగ్యమని మనం అనుకుంటాం, వైద్యులు అలా అనుకోరు.

గ్రేవ్స్ వాదన దీనిమీదే నిలబడింది. మనిషి ఒంట్లో ఎక్కడా లేని సమమైన కొలతని సంగీతం మీద ఎందుకు రుద్దాలి? ఫ్రీ జాజ్‌లో తాళం లేదని అనేవాళ్ళకి ఆయన వాయింపే జవాబు. తాళం ఉంది, అది ఊపిరితో పాటు సాగుతుంది, కుంచించుకుంటుంది.

దీన్ని ఒంటితో తెలుసుకోవాలంటే సెట్ దగ్గర కూర్చుని మణికట్టు మీద రెండు వేళ్ళతో నాడి పట్టుకోండి. ఐదు సెకన్లు పీల్చడం, ఐదు సెకన్లు వదలడం. నాడి ఎక్కడ తొందర పడుతోందో, ఎక్కడ వెనక్కి తగ్గుతోందో తెలిశాక, కుడి కాలితో బేస్ డ్రమ్ మీద లబ్ డబ్ వెయ్యండి, ఆ తేడాలతో సహా. కాలు దానంతటది నడిచాక ఒక్క చేతిని కలపండి, ఆ చెయ్యి ఊపిరి పొడుగుతో నడవాలి, కాలితో కాదు. రెండో చెయ్యి చాలా తర్వాత. ఇక్కడ అందరికీ జరిగే పొరపాటు ఒకటే. కాసేపటికి కాలూ చేతులూ ఒకే దెబ్బ మీదికి వచ్చి చేరతాయి, అప్పుడు కంగారులో జోరు పెంచుతారు. జోరు పెరిగితే ఊపిరి బిగుసుకుంటుంది, ఊపిరి బిగిస్తే అంతా చదునైపోయి వట్టి రొద మిగులుతుంది. గ్రేవ్స్ వాయిస్తూ గొంతెత్తి అరుస్తారు, పాడతారు. చూసేవాళ్ళకి పూనకంలా అనిపించవచ్చు. కానీ గొంతు తెరిచి ఉన్నంతసేపూ ఊపిరి బిగుసుకోదు, ఆ లాభం ఎంతో వాయించిన వాళ్ళకి తెలుసు.

గుండె చప్పుడు రికార్డు చెయ్యడం అనుకున్నంత తేలిక కాదు. ఎక్కువ శక్తి 20 నుంచి 150 హెర్ట్జ్ లోపలే ఉంటుంది, మన చెవి బలహీనంగా వినే చోటు అది. స్టెతస్కోప్ గొట్టంలోకి చిన్న మైకు దూర్చి ఫోన్‌కి కలిపితే పని జరుగుతుంది గానీ, ఫోన్ స్పీకర్‌లో వింటే ఏమీ ఉండదు, మంచి హెడ్‌ఫోన్స్ కావాలి. ఎడమ చనుమొన కింది భాగంలో, ఐదో పక్కటెముకల సందులో లబ్ బాగా వినిపిస్తుంది. రొమ్ము ఎముకకి కుడి పక్కన, పైనుంచి రెండో సందులో డబ్ స్పష్టం. చొక్కా రాపిడి, చెయ్యి వణుకు, ఊపిరితిత్తుల గాలి చప్పుడు, ఈ మూడే పాడుచేస్తాయి. గ్రేవ్స్ 1990ల నుంచి ల్యాబ్‌వ్యూ అనే ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, ఈసీజీ గీతల్ని వినిపించే స్వరాలుగా మార్చే ప్రోగ్రాములు తానే రాసుకున్నారు. 2000లో వచ్చిన గుగ్గన్‌హైమ్ ఫెలోషిప్ డబ్బు ఆ పరికరాలకి అక్కరకొచ్చింది. తర్వాత ఇటలీ జీవశాస్త్రవేత్త కార్లో వెంచురాతో కలిసి, ఆ శబ్ద ప్రకంపనలు మూలకణాల మీద ఎలా పనిచేస్తాయో చూశారు, ఇద్దరి పేరా పేటెంట్ కూడా ఉంది. వైద్యంగా ఇది ఎంతవరకు నిలుస్తుందన్నది ఆ రంగం వాళ్ళు తేల్చాలి. సంగీతంగా మాత్రం ఎప్పుడో తేలిపోయింది.

ఆయన ఇంటి గురించి చెప్పకపోతే వెలితి. తాతమామ్మల నుంచి వచ్చిన ఇల్లు. గోడలకి రాళ్ళు, పలకల ముక్కలు పొదిగారు. పెరట్లో దేశదేశాల మూలికలు, చెట్లు. కింద సెల్లార్‌లో డ్రమ్ములు, కంప్యూటర్లు, ఆఫ్రికా బొమ్మలు, అస్థిపంజరం, ఆక్యుపంక్చర్ సూదులు. 1970ల మొదట్లో 'యారా' అని సొంతంగా ఒక యుద్ధవిద్యని రూపొందించారు. చైనా వాళ్ళ మాంటిస్ శైలిని మనుషుల దగ్గర కాకుండా అసలు గొల్లభామ పురుగు దగ్గరే నేర్చుకోవాలని, ఆ పురుగుల్ని తెప్పించి తోటలో వదిలి వాటి కదలికలు గమనించారట. 2018లో ఆయన మీద వచ్చిన 'ఫుల్ మాంటిస్' డాక్యుమెంటరీ పేరు వెనకున్నది ఆ పురుగే. తీసింది ఆయన శిష్యుడు జేక్ మెగిన్‌స్కీ.

1973 నుంచి 2012 వరకు వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కాలేజీలో పాఠాలు చెప్పారు, 39 ఏళ్ళు. అక్కడికి తీసుకెళ్ళింది బిల్ డిక్సనే. కచేరీలు తక్కువ, రికార్డులు ఇంకా తక్కువ. 1977లో జపాన్ వెళ్ళి అక్కడి ఫ్రీ జాజ్ వాళ్ళతో ఒక రికార్డు చేశారు, నర్తకుడు మిన్ తనాకాతో ఏళ్ళ తరబడి పనిచేశారు. 1998లో జాన్ జోర్న్ లేబుల్ కోసం 'గ్రాండ్ యూనిఫికేషన్' అని పూర్తిగా ఒక్కరే వాయించిన రికార్డు ఇచ్చారు. పేరు ఎప్పుడూ పెద్దగా మోగలేదు, ఆయనా దాని కోసం తిరగలేదు.

2018లో ఆయనకి ఎమిలాయిడ్ కార్డియోమయోపతి అని తేలింది. తేడా వచ్చిన ప్రోటీన్ గుండె గోడల్లో పేరుకుని, గోడ బిరుసెక్కి, రక్తం నింపుకోలేని స్థితి. నాలుగు దశాబ్దాలుగా ఇతరుల గుండెలు విన్న మనిషి ఇప్పుడు తన జబ్బు గుండెనే రికార్డు చేసుకుంటూ, ఆ ధ్వనిని మార్చి తనకి తాను వినిపించుకుంటూ గడిపారు. కొన్ని నెలలే అన్నారు, రెండేళ్ళకి పైగా ఉన్నారు. 2020 సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియాలో ఆయన డ్రమ్ములు, బొమ్మలు, గుండె పరికరాలతో పెద్ద ప్రదర్శన పెట్టారు. ఆయన పోవడానికి కొన్ని వారాల ముందు ముగిసింది.

కొత్తగా వినేవాళ్ళు నేరుగా 'బాబీ'తో మొదలుపెట్టకండి. 1976 మార్చిలో ఆర్థర్ డోయల్, హ్యూ గ్లోవర్ అనే ఇద్దరు శాక్సఫోన్ వాళ్ళతో చేసిన రికార్డు అది, మొదటి నిమిషం నుంచే ఊపిరాడనివ్వదు. ముందు సన్నీ మోర్గన్‌తో చేసిన జోడీ, తర్వాత ఆర్ట్ క్వార్టెట్, 'లవ్ క్రై', పుల్లెన్‌తో చేసిన 'నొమ్మో', ఆ తర్వాత 'బాబీ'. చాలా ఏళ్ళు పాత ఎల్పీ తప్ప గతి లేదు. 2018లో మళ్ళీ వేసినప్పుడు, ఎన్నడూ బయటికి రాని ఇంకో రిహార్సల్ టేపు కూడా జత చేశారు. మొదటిసారి శాక్సఫోన్లని వదిలేసి టామ్‌లని మాత్రమే పట్టుకుని వినండి, అదీ లాప్‌టాప్ స్పీకర్ల మీద కాకుండా. కింది స్వరాలు అక్కడ సగం కూడా రావు.